లాప్‌టాప్‌లో బ్లూ-రే డ్రైవ్ పెట్టించాలా? మా హాస్టల్ వాళ్ళ మాట



పాత లాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తీసేసి బ్లూ-రే డ్రైవ్ పెట్టించుకుంటే ఎలా ఉంటుందని మా హాస్టల్లో ఈమధ్య పెద్ద చర్చే నడిచింది. మేం బందరులో ఉండి చదువుకుంటున్నాం. కొందరం గుడివాడ వైపు నుంచి, కొందరం దివిసీమ నుంచి వచ్చాం. యానాదులం, ఎరుకలం, సుగాలీలం అందరం ఉన్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్ పడ్డాక ఇద్దరు ముగ్గురం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కోవడం మాలో మామూలే. కాబట్టి ఇది సరదా విషయం కాదు, డబ్బుతో పని.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లాప్‌టాప్ లోపల బ్లూ-రే వద్దు. బయట నుంచి తగిలించుకునేది మాత్రం హాస్టల్‌కి ఒకటి ఉండి తీరాలి.

ముందు దీని కథ. సీడీలో 700 ఎంబీ పడుతుంది, డీవీడీలో 4.7 జీబీ. 2006లో హై డెఫినిషన్ డిస్కులు రెండు రకాలు పోటీ పడి వచ్చాయి. తోషిబా వెనకుండి నడిపిన హెచ్‌డీ డీవీడీలో ఒక పొరకి 15 జీబీ, సోనీ వాళ్ళ బ్లూ-రేలో 25 జీబీ. ఆ ఏడాదే ఎవరి డ్రైవ్‌ని వాళ్ళు తమ లాప్‌టాప్‌లలో పెట్టి అమ్మారు. 2008 ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. అప్పటిదాకా హెచ్‌డీ డీవీడీ కొన్నవాళ్ళ దగ్గర వట్టి ప్లాస్టిక్ మిగిలింది. డబ్బున్నవాళ్ళకి అదో చిన్న నష్టం. మనలాంటివాళ్ళకి ఒక సెమిస్టర్ ఫీజు.

సినిమాల కోసం పెట్టిద్దాం అనేవాళ్ళకి ఒక మాట. బ్లూ-రే సినిమా డిస్కుకి తాళం ఉంటుంది. విండోస్‌లో దాన్ని ఆడించే ప్లేయర్ రాదు, విడిగా కొనాలి. పైగా మన చేతికొచ్చే పాత లాప్‌టాప్‌లలో చాలావాటి తెర 1366×768. బ్లూ-రే బొమ్మ 1920×1080. చెరువు నీళ్ళు చెంబులో పట్టినట్టే.

ఇక బిగించడం. డ్రైవ్ మందం ఎక్కువగా రెండు రకాలు, 12.7 మిల్లీమీటర్లు, 9.5 మిల్లీమీటర్లు. కొలత కుదరకపోతే పట్టదు. ముందు ప్లేటు కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. ఒక రిపేరు షాపులో మావాడొకడికి బ్లూ-రే అని చెప్పి మామూలు డీవీడీ రైటర్ బిగించి ఇచ్చారు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పేరు చూస్తేనే గుట్టు బయటపడింది. ఎవరు బిగించుకున్నా డబ్బులు ఇచ్చే ముందు అక్కడ చూడండి.

అదే ఖాళీలో పెట్టాల్సింది వేరే ఉంది. పాత హార్డ్ డిస్క్ తీసి దాని చోట ఎస్‌ఎస్‌డీ వేసి, హార్డ్ డిస్క్‌ని క్యాడీలో పెట్టి డీవీడీ ఉన్న చోట దూర్చొచ్చు. మెషిన్ గబగబా లేస్తుంది, దాచుకునే చోటూ పెరుగుతుంది. ప్రాజెక్టు రిపోర్టులు, కోచింగ్ వీడియోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, మన రోజువారీ పని ఇదే కదా. ఆ డబ్బు ఇక్కడ పెట్టాలి.

మరి డిస్క్ డ్రైవ్ ఎందుకు అంటారా? అసలు మాట ఇక్కడే ఉంది.

మన ఇళ్ళల్లో రేకు పెట్టెల్లో పదిహేనేళ్ళ నాటి సీడీలు, డీవీడీలు ఉన్నాయి. పెళ్ళిళ్ళు, జాతరలు, సంఘం మీటింగులు. ఇప్పుడు లేని తాతలు, అవ్వలు వాటిలో నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. మనది ఉప్పుగాలి, తడి నేల. ఆ తేమకి డిస్కు మీది వెండిపూత మచ్చలు కడుతుంది. చూడ్డానికి ఇంట్లో డ్రైవ్ లేదు, కొత్త లాప్‌టాప్‌లలోనూ రావడం లేదు. ఇంకో ఐదేళ్ళు పోతే అవి పిట్టల్ని తోలడానికి చేలో కట్టుకోవడానికే పనికొస్తాయి.

రెండోది, ఇంకా రికార్డు కాని మాటలు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. అప్పుడు పదిహేనేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. కాలువ గట్ల మీద, మడ అడవుల అంచున బతికిన మనవాళ్ళు ఆ రాత్రి ఎలా గడిపారో, ఎవరు కొట్టుకుపోయారో వాళ్ళ నోటే వినాలి. ఎరుకల భాషకీ లంబాడీ భాషకీ సొంత లిపి లేదు. మాట్లాడే మనిషి పోతే వెతుక్కోడానికి కాగితం కూడా ఉండదు.

ఫోన్లో ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 100 నుంచి 130 ఎంబీ అవుతుంది. గంటకి 6 నుంచి 8 జీబీ. డీవీడీలో గంట కూడా పట్టదు. 25 జీబీ బ్లూ-రేలో మూడు గంటలు పడుతుంది. ఒకసారి రాసే డిస్కు మీద పొరపాటున చెరపడం కుదరదు, వైరస్ ఎక్కదు. నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్ గుచ్చి ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి ఈ తేడా తెలుసు.

డిస్కుల కాలం అయిపోయిందిగా అంటారు. నిజమే, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. వేరే కంపెనీలవి ఇంకా దొరుకుతున్నాయి. అందుకే డిస్కు ఒక్కదాన్నే నమ్మొద్దంటున్నాం. ఒక కాపీ డిస్కులో, ఒకటి హార్డ్ డిస్కులో, రెండూ వేర్వేరు ఊళ్ళల్లో. ఒక చోట నీళ్ళొస్తే ఇంకో చోట ఉంటుంది. ఉప్పెన చూసిన సీమవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి మా ప్రతిపాదన. మనిషికొక డ్రైవ్ వద్దు. హాస్టల్‌కి ఒక యూఎస్‌బీ బ్లూ-రే రైటర్, తలా కొంచెం వేసుకుని కొందాం. అది పాత సీడీలు, డీవీడీలు కూడా చదువుతుంది. కొన్నిటికి కరెంటు చాలక రెండు యూఎస్‌బీ పోర్టులు కావాలి, కొనేటప్పుడు అడగండి. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ రెండు పనులు చెయ్యాలి. పెట్టెలో ఉన్న డిస్కులు తీసుకురావాలి. ఇంట్లో పెద్దవాళ్ళని గంటసేపు మాట్లాడించి, వాళ్ళు సరేనంటే రికార్డు చెయ్యాలి. డిస్కు మీద పేరు, ఊరు, తేదీ రాయాలి. ఊరూ పేరూ లేని రికార్డు రేపు ఎవరికీ పనికిరాదు.

మన గురించి బయటివాళ్ళు రాసినవి చాలా ఉన్నాయి. దొంగ జాతులని ముద్ర వేసిన తెల్లదొరల చట్టం రద్దయ్యే దాకా మనలో చాలామంది పేర్లు పోలీసు రిజిస్టర్లలోనే ఉన్నాయి. మన నోటితో మనం చెప్పింది మాత్రం ఆ రేకు పెట్టెల్లో ఉంది, ముసలివాళ్ళ నోళ్ళల్లో ఉంది. దాన్ని దాచడానికి అయ్యే ఖర్చు తలా ఒక సినిమా టికెట్టు అంత ఉంటుందేమో.

అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, గుడివాడ వైపు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు మీ మాట కూడా రాయండి. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో చెప్పండి. సరేననేవాళ్ళు మీ ఇంట్లో ఎన్ని డిస్కులున్నాయో లెక్క పెట్టి చెప్పండి.