సావిత్రి జీవితం - మన నీతి

సావిత్రిని గురించి మనవాళ్ళు చెప్పుకునే కథ ఒకటున్నది. గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల మద్రాసు చేరి మహానటి అయింది, పెళ్ళయిన మగవాణ్ణి ప్రేమించింది, తాగింది, చేతికి యెముక లేకుండా దానాలు చేసింది, నెలల తరబడి స్పృహ లేకుండా పడివుండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. యీ కథ చెప్పి పెద్దలు నిట్టూరుస్తారు. "ఆడది అదుపు తప్పితే యింతే" అని పైకి అనరు గాని, కథంతా ఆ ఒక్క మాట కోసమే నడుస్తుంది. 2018లో వచ్చిన "మహానటి" చిత్రం ఆమెను గౌరవించింది, నిజమే. కాని అది కూడా ప్రేమనూ ద్రోహాన్నీ ముందు నిలిపి, సినిమా వ్యాపారాన్ని వెనక తెరగా వాడుకున్నది.

యిందులో నీతి యెంత? జెమినీ గణేశన్‌కు తమిళ ప్రేక్షకులు "కాదల్ మన్నన్" అని బిరుదిచ్చారు. 1971లో ప్రభుత్వం పద్మశ్రీ యిచ్చింది. పెళ్ళిళ్ళు ఒకటి కన్నా యెక్కువే. దానివల్ల ఆయన కీర్తికి లోటు రాలేదు, ఆమె మాత్రం ఆడపిల్లలకు గుణపాఠమైంది. యిది ఆ వ్యక్తి మంచిచెడ్డల ప్రశ్న కాదు. మన మధ్యతరగతి యింకా వదలని భూస్వామ్య నీతి యిది.

"లక్షలు గడించి చేజేతులా పోగొట్టుకున్నది" అంటారు. ఆమె గడించినది కూలి. పెద్ద కూలే, కాదనను. 1957 నాటి "మాయాబజార్"లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చినప్పుడు, ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడి నడకా, చూపూ, దర్పమూ చూపించింది సావిత్రి. ఆ శ్రమఫలం నిర్మాత సొత్తు. అదే 1957లో వచ్చిన కాపీరైటు చట్టం నటికి యే హక్కూ యివ్వలేదు. 1994 సవరణ దాకా నటీనటుల హక్కు అన్న మాటే అందులో లేదు. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది మళ్ళీ ఆడించారు. శశిరేఖ యింకా డబ్బు తెస్తూనే వున్నది. ఆ వేషం వేసిన మనిషి శ్రమకు ధర మాత్రం 1957లోనే చెల్లిపోయింది.

"మిస్సమ్మ"లో (1955) నాయిక వేషం మొదట భానుమతిది. పేచీ వచ్చి ఆమె తప్పుకుంటే అది సావిత్రికి వచ్చింది. భానుమతి బెంగపడవలసిన పని లేకపోయింది. ఆమెకు సొంత భరణీ సంస్థ వున్నది. యీ యిద్దరి గుణాలను పోల్చేవారు ఆస్తిలోని తేడాను చూడరు. సావిత్రి కూడా సొంతదారు కావాలని చూసింది. 1968లో, సాంకేతిక శాఖల్లో చాలామంది స్త్రీలే పనిచేసిన "చిన్నారి పాపలు"కు దర్శకత్వం వహించింది. 1971లో "మూగమనసులు"ను తమిళంలో "ప్రాప్తం"గా తీసింది. రెండూ దెబ్బతిన్నాయి. మగ నిర్మాత దివాలా తీస్తే వ్యాపారంలో నష్టమంటాం. ఆమె దివాలాకు మాత్రం తాగుడు కారణమంటాం!

"తారను శ్రామికురాలంటారేమిటి?" అని మన మిత్రులే అడగవచ్చు. "దేవదాసు"లో ఆమె సరసన నటించిన అక్కినేని, ఆమె మరణించిన 1981లో కూడా "ప్రేమాభిషేకం"లో శ్రీదేవి సరసన నాయకుడే. యాభై దాటిన మగవాడు చెలామణీ అవుతాడు. ముప్ఫై దాటిన నటికి అక్క వేషం, అమ్మ వేషం మిగులుతాయి. తన శ్రమశక్తికి గడువును కొనేవాడు నిర్ణయిస్తుంటే, ఆమెను శ్రామికురాలనక యేమనాలి?

ఆమె కన్నుమూసిన ఆ డిసెంబరులోనే, రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా సినీ శ్రామికులను పనిలో పెట్టుకోరాదని చట్టం వచ్చింది. 2024 ఆగస్టులో వెలువడిన హేమ కమిటీ నివేదిక మలయాళ పరిశ్రమలో ఒప్పంద పత్రాలు లేవనీ, చిత్రీకరణ జరిగే చోట ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా కరువేననీ చెప్పింది. అంటే 43 యేళ్ళు కాగితం మీదే గడిచాయి.

సావిత్రి కోసం కన్నీళ్ళు చాలినన్ని కార్చాం. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ యిక మీద ఆ కథ విన్నప్పుడు, ఆమె యెంత తాగింది అని కాక, ఆమె శ్రమతో యెవరు యెంత గడించారు అని అడగాలి. యీనాటి సినిమాలోనూ, టెలివిజన్ సీరియళ్ళలోనూ ముఖానికి రంగు వేసుకునే అమ్మాయి చేతిలో ఒప్పంద పత్రం వున్నదా అని అడగాలి.