నానోపై యజమానుల తర్జనభర్జన

వానలో భార్యాబిడ్డలను స్కూటరుపై ఎక్కించుకుని వెళ్లే సామాన్యునికి సురక్షితమైన వాహనం అందించాలన్న రతన్ టాటా సంకల్పం నుంచి పుట్టిన నానో కారు, చివరకు భద్రత విషయంలోనే నమ్మకం కోల్పోయింది.

2009 మార్చిలో విపణిలోకి వచ్చిన ఈ కార్లు కొన్ని అగ్నికి ఆహుతయ్యాయి. విడిగా అమర్చిన విద్యుత్ పరికరాలు, పొగగొట్టంపై మిగిలిన అన్య పదార్థాలే ఇందుకు కారణమని టాటా మోటార్స్ వివరణ ఇచ్చింది. అయినా 2010 నవంబరులో అదనపు రక్షణ సామగ్రిని ఉచితంగా బిగిస్తామన్నది. దీనిని 'రీకాల్' అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. లోపమే లేనప్పుడు ఈ బిగింపులెందుకని కొన్నవారు అడగడం సహజమే. జూలైలో 9,000 ఉన్న అమ్మకాలు నవంబరులో 509కి పడిపోయాయి. రుణాలు దొరకకపోవడం కూడా ఇందుకు తోడయింది.

స్కూటరుతో పోలిస్తే నానో ఎంతో మేలన్నది యజమానులలో ఒక వర్గం వాదన. కారుగా అమ్మినదానిని కారుతోనే పోల్చాలన్నది రెండవ వర్గం మాట. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వెల్లడించిన ఢీకొట్టుడు పరీక్షల ఫలితాలలో నానోకు ఒక్క నక్షత్రమైనా దక్కలేదు. మారుతి ఆల్టో 800కూ సున్నాయే వచ్చింది. అయినా ఆల్టో అమ్మకాలలో అగ్రస్థానం చెక్కుచెదరలేదు. అంటే ప్రయోగశాల మార్కులకన్నా నడివీధిలో కనిపించిన మంటలూ, 'చౌక కారు' అన్న ముద్రా నానోను ఎక్కువ దెబ్బతీశాయనుకోవాలి.

2018 జూన్‌లో సాణంద్ కర్మాగారం నుంచి వెలువడిన నానో ఒకే ఒక్కటి. అదే ఏడాది డిసెంబరులో అదే సంస్థ నెక్సాన్‌కు అయిదు నక్షత్రాలు లభించాయి.