బాలుగారిని తలచుకొనుట

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25వ తేదీన చెన్నపట్టణమున దివంగతులైరి. ఆత్మీయులు ఆయనను తలచునపుడు పాటల లెక్కనే ముందు చెప్పుదురు. నాకది అంతగా రుచింపదు. 1966లో తమకు తొలి సినిమాపాట నొసగిన కోదండపాణిగారి పేరునే ఆయన తమ రికార్డింగు శాలకు పెట్టుకొనిరి. స్మరణ మనగా నట్టిది.

1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పసివారి ఉచ్చారణను ఆయన ఎంత ఓర్పుతో దిద్దెడివారో మీ అమ్మమ్మల నడుగుడు. తమిళులు ఆయనను తమవారిగనే యెంచుదురు, మంచిదే! కాని యీ ముచ్చటలు మన యిండ్ల తెలుగులో నున్నవి. తల్లిదండ్రులారా, మీరు పిల్లలచే తెలుగు చదువు మాన్పించినచో అవి మీతోనే ఆగిపోవును. విద్యార్థులారా, విని వ్రాసి తెండు. తప్పులు నేను దిద్దెదను; రాబోవు సంచికలో రెండు పుటలు విడిచి యుంచితిమి.