సముద్రానికి ఏడాది పట్టిక ఉంది, సిస్టరుకు రేపటిది కూడా లేదు

నర్సు ఉద్యోగం చేస్తూ సర్ఫింగు పలక పట్టుకుని రుషికొండ తీరానికి వెళ్ళే స్త్రీని చూసి ముక్కున వేలేసుకునే వారు విశాఖలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇంకా ఉన్నారు. డ్యూటీలో నడుము విరుగుతున్నదని చెప్పుకునే వారికి కెరటాలపై ఆడే ఓపిక ఎక్కడిదని వారి సందేహం. ఆదివారం పొద్దస్తమానం పేకాడే గుమాస్తాను గాని, క్రికెట్టు పోటీకి సెలవు పెట్టే మేస్టారిని గాని ఎవరూ ఈ మాట అడగరు. అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. వారంలో ఒక్క పూటయినా సముద్రం దక్కుతుందో లేదో ఆ సిస్టరుకే ముందుగా తెలియడం లేదు. ఎందుకు తెలియడం లేదన్నదే ఆ ప్రశ్న.

సర్ఫింగు అంటే ఎనిమిది తొమ్మిది అడుగుల పలకపై బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి పోయి, విరగబోయే కెరటాన్ని అందుకుని, దానితో పాటు ఒడ్డుకు వస్తూ పలకపై లేచి నిలబడడం. పలక చేయి జారిపోకుండా ఒక తాడు కాలికి కట్టి ఉంటుంది. ఇది దొరల ఆట అన్న మాటకు ఇప్పుడు కాలం చెల్లింది. 2004లో కర్ణాటకలోని ముల్కిలో ఒక సర్ఫింగు క్లబ్బు వెలసింది. 2011లో సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగు మొదటిసారిగా పోటీ అంశం అయింది. తూర్పు తీరాన తమిళనాడులోని కోవళం, మహాబలిపురం పేర్లు ముందు వినిపించినా, 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలోనూ పలకలు కనిపిస్తున్నాయి. తెప్ప మీద కెరటం దాటడం మన జాలరులకు తాతల నాటి విద్య. కనుక ఇందులో మనకు పరాయిదేమీ లేదు.

ఇక నర్సు ఉద్యోగం నిలువుకాళ్ళ ఉద్యోగం. చాలా ఆసుపత్రులలో ఉదయం డ్యూటీ 8 నుంచి 2 వరకు, మధ్యాహ్నం డ్యూటీ 2 నుంచి రాత్రి 8 వరకు, రాత్రి డ్యూటీ 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. గడియారం ఎనిమిది కొట్టినంత మాత్రాన సిస్టరు బయట పడదు. వచ్చిన సిస్టరుకు మంచం మంచం దగ్గర కేసు అప్పజెప్పాలి, మందుల లెక్క చూపాలి, రిపోర్టు పుస్తకం రాయాలి. బోధనాసుపత్రుల జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు చొప్పున నర్సులు ఉండాలనీ, సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలనీ భారత నర్సింగు కౌన్సిల్ ప్రమాణం. రాత్రి వేళ వార్డు తలుపు తీసి చూసిన వారికి ఈ ప్రమాణం ఎంత దూరంలో ఉన్నదో ఎవరూ చెప్పనక్కర లేదు. సెలైను అయిపోయిందని ఒకరు, ఆయాసమని ఒకరు, డాక్టరు ఎప్పుడొస్తాడని నిలదీసే బంధువులు మరొక వైపు. డాక్టరు రాకపోయినా, మందు దొరక్కపోయినా మాట పడేది మాత్రం ఎదురుగా కనిపించే సిస్టరే.

రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరుకు బహుశా కారణం కాగల వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది. 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట ఖాయం చేసింది. మే 12న నర్సుల దినోత్సవం నాడు కొవ్వొత్తులు వెలిగించి ఉపన్యాసాలు చెప్పే పెద్దలు ఈ సంగతి ఒక్కసారయినా ప్రస్తావిస్తే బాగుండును.

ఇటువంటి ఉద్యోగంలో ఉన్న మనిషికి సముద్రం ఎందుకు అక్కరకు వస్తుందో ఊహించడం కష్టం కాదు. పలక మీద ఉన్నంత సేపు సెల్‌ఫోను చేతిలో ఉండదు. "సిస్టరూ" అని పిలిచే గొంతు ఉండదు. వార్డులో ఒకేసారి పది వైపులకు తిరగవలసిన మనసు అక్కడ ఎదురుగా వచ్చే ఒక్క కెరటం మీదనే నిలవాలి. నిలవకపోతే పలక తిరగబడుతుంది, ముక్కులోకి ఉప్పునీరు వెళుతుంది, అంతే. ఒకరి ప్రాణం మీదకు వచ్చే పొరపాట్ల మధ్య రోజంతా బతికే మనిషికి, తన ముక్కులోకి నీళ్ళు పోవడంతో సరిపోయే పొరపాటు ఎంత హాయి!

అయితే సముద్రానికీ ఒక డ్యూటీ చార్టు ఉంది. రోజుకు రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతాయి. ఈ రోజు ఉదయం ఆరింటికి పోటు ఉంటే వారం తిరిగే సరికి ఆ వేళకు ఆటు ఉంటుంది. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక కెరటం నునుపుగా లేస్తుంది. పొద్దెక్కిన కొద్దీ గాలి సముద్రం నుంచి తిరిగి నీరంతా చెదిరిపోతుంది. పోటు ఆటుల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా ఏడాదికి సరిపడా అచ్చు వేస్తుంది. కెరటం ఎంత ఎత్తు లేస్తుందో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ముందుగానే చెబుతుంది. అంతటి సముద్రం ఏ పూట ఎలా ఉంటుందో ముందు తెలుస్తున్నది. నలుగురు మనుషులు కూర్చుని రాసే డ్యూటీ చార్టు మాత్రం, ముఖ్యంగా చాలా ప్రయివేటు ఆసుపత్రులలో, రేపటిది ఈ రాత్రి ఫోనులో సందేశం వస్తే గాని తెలియదు. వచ్చింది కూడా తెల్లవారేసరికి మారుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. కెరటాలు బాగుండే వేళ ఉదయం. రాత్రి డ్యూటీ దిగే వేళ కూడా ఉదయమే. వారాంతపు సెలవు చేతికి దక్కుతుందన్న నమ్మకం లేని సిస్టరు, దొరికిన పూటను వదులుకోలేక డ్యూటీ దిగి నేరుగా రుషికొండ బస్సు ఎక్కుతుంది. ఆమె అభిరుచిని మెచ్చుకునే వారు కూడా ఈ పనిని మాత్రం మెచ్చుకోరాదు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న వాని స్థాయికి పడిపోతుందనీ, ఇరవై నాలుగు గంటలయితే అది 0.10 శాతంతో సమానమనీ ఆస్ట్రేలియాలో పరిశోధకులు 1997లో ప్రకటించారు. మన దేశంలో 0.03 శాతం దాటితే వాహనం నడపడమే నేరం. ముందు రోజు మధ్యాహ్నం కునుకు తీయని సిస్టరు ఉదయం ఎనిమిదికి డ్యూటీ దిగేసరికి పూర్తిగా ఇరవై నాలుగు గంటల మనిషి. ఆ స్థితిలో స్కూటరు నడపడమే తప్పు, సముద్రంలో దిగడం ఇంకా తప్పు.

విశాఖ సముద్రం చూపులకు ఉన్నంత మంచిది కాదని తీరం వారందరికీ తెలుసు. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక చోట నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఎరగని వారు దిగడానికి అదే మంచి చోటు అనుకుంటారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. దానికి ఎదురీదితే బలం ఉడిగిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారి దాటాలి. లేదా పలకను గట్టిగా పట్టుకుని నీటిపై తేలి, చేయి ఊపి పిలవాలి. చెప్పడానికి ఇది రెండు మాటల పని. కాని ఆ రెండు మాటలు సమయానికి తట్టడానికి బుర్ర మేలుకుని ఉండాలి. "సిస్టరు గారూ, ఈ వేళ లోపలికి లాగుతోంది, దిగకండి" అని జాలరి కుర్రవాడు హెచ్చరించినప్పుడు, ఇంత దూరం వచ్చానే అని మొండికి పోకుండా ఉండడానికి కూడా నిద్ర పోయిన బుర్రే కావాలి.

దీనికి మందు సర్ఫింగు మానడం కాదు, ముందుగా చార్టు వేయడం. 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సుల కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం, దానికి తోడు 157వ నంబరు సిఫారసు చేసింది. నర్సులు తమ సొంత జీవితాన్ని, కుటుంబ జీవితాన్ని దిద్దుకోవడానికి వీలుగా పని వేళలను తగినంత ముందుగా తెలియజేయాలనీ, ప్రత్యేక అత్యవసర పరిస్థితిలో తప్ప వాటిని మార్చరాదనీ, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం పన్నెండు గంటల విశ్రాంతి ఉండాలనీ అందులో ఉంది. ఆ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించలేదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్రం నియమించిన కమిటీ, ప్రయివేటు ఆసుపత్రుల నర్సులకు సెలవులు, పని గంటలు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని చెప్పింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదన్నది కూడా ఆ కమిటీ మాటే. కాగితం మీద కొరత ఏమీ లేదు.

ఆసుపత్రులు రోగులతో నడిచేవి, గంట కొట్టి మూసే బళ్ళు కావు కదా అని యాజమాన్యాలు అనవచ్చు. నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసిన రోజున గాని, 2020 మే 7న విషవాయువు లీకై బాధితులను కెజిహెచ్‌కు తరలించిన తెల్లవారుజామున గాని, ఆ తర్వాత కోవిడ్ రోజులలో గాని చార్టులో తన పేరు లేదని ఇంట్లో కూర్చునే అలవాటు నర్సులకు లేదు. అత్యవసరం అంటే ఏమిటో వారికి ఒకరు చెప్పనక్కర లేదు. కాని ఒక పోస్టు ఖాళీగా పెట్టి, ఆ ఖాళీని నెల నెలా మిగిలిన వారి సెలవులతో పూడ్చడం అత్యవసరం కాదు, పొదుపు. దానికి తుపాను పేరు పెట్టడం భావ్యం కాదు.

ఇంటి వారి అభ్యంతరాలు ఎప్పటివే. ఎండకు నల్లబడుతుందనీ, పెళ్ళి కావలసిన పిల్ల అనీ, పెళ్ళయితే పిల్లల తల్లి అనీ. నిండు చేతుల చొక్కా, కాళ్ళకు బిగుతు పైజామా వేసుకుని దిగే ఆటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నర్సులు తమంతట తాము చూసుకోవలసినవి మాత్రం ఒకటి రెండు ఉన్నాయి. రోగులను ఎత్తి దించి నడుము పట్టేసిన వారికి బోర్లా పడుకుని మెడ ఎత్తి చేతులతో తోసే పని మొదట్లో హాని చేయవచ్చు. ముందు ఈత, ఆ తర్వాతే పలక. పలక అడుగున ఉండే రెక్క తగిలి చేయి కోసుకుంటే ఆ గాయంతో వార్డులో డ్రెస్సింగులు చేయడం రోగికీ మంచిది కాదు, ఆమెకూ మంచిది కాదు. వాన కురిసిన మర్నాడు నగరపు మురుగు కాలువలు సముద్రంలో కలుస్తాయి కనుక ఆ పూట ఒడ్డునే ఉండడం మేలు.

జిల్లాలోని ఆసుపత్రులు ఖర్చు లేకుండా చేయగల పని ఒకటి ఉంది. వచ్చే నెల డ్యూటీ చార్టును ఈ నెల 25వ తేదీలోగా నర్సింగు సూపరింటెండెంటు గది గోడకు అంటించాలి. రాత్రి డ్యూటీల వరుస ముగిశాక ఇచ్చే సెలవును నిద్ర పోవలసిన ఆ పగటితో సరిపెట్టకుండా, మరుసటి రోజును పూర్తిగా ఇవ్వాలి. ఒకరి డ్యూటీ మరొకరితో మార్చుకోవాలంటే ఇద్దరి సంతకాలతో మార్చుకోనివ్వాలి. ఈ తీరాన సర్ఫింగుకు అనువైన కెరటాలు నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే ఇంచుమించు మే నుంచి సెప్టెంబరు వరకు వస్తాయి. అక్టోబరు నుంచి తుపానుల కాలం. అప్పుడు ఎవరూ సముద్రంలో దిగరు, సిస్టర్లకు వార్డులో చేతి నిండా పని ఉంటుంది.