గ్రంథాలయంలో గొంతు వినపడాలి

అమీర్‌పేటలో, ఎస్సార్ నగర్‌లో కంప్యూటర్ కోర్సుల బోర్డుల పక్కనే స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ బోర్డులు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉన్నాయి. కొన్ని వారాల్లో స్టేజీ భయం పోగొడతామని, నలుగురిలో తడబడకుండా మాట్లాడిస్తామని వాటి హామీ. చేరేవాళ్లను తప్పుపట్టే పని లేదు. బడిలో, కాలేజీలో పదిహేనేళ్లు కూర్చుని ఒక్కసారి కూడా లేచి నిలబడి సొంత మాట చెప్పే అవకాశం దొరకని పిల్లలు వాళ్లలో ఎందరో! కానీ అక్కడ దొరికేది ఎలా మాట్లాడాలన్న శిక్షణ మాత్రమే. ఏం మాట్లాడాలో ఎవరు చెప్తారు?

రచయిత వట్టికోట ఆళ్వారుస్వామికి అలాంటి శిక్షణేదీ దొరకలేదు. 1915లో నల్లగొండ జిల్లాలో ఒక పేద ఇంట్లో పుట్టిన ఆయన, ఒక ఉపాధ్యాయుడి ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. విజయవాడ హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. ఆ తర్వాత హైదరాబాద్ చేరి ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాలను స్వయంగా మోసుకుంటూ ఊరూరా అమ్మారు. పుస్తకం అమ్మడమంటే దాని గురించి మాట్లాడటమే. ఎదుటివాడికి అదెందుకు పనికొస్తుందో నాలుగు ముక్కల్లో చెప్పలేకపోతే సాయంత్రానికి మూట బరువు తగ్గదు. ఇంతకన్నా కఠినమైన ఉపన్యాస పరీక్ష ఏ కోర్సులో పెడతారు?

ఉద్యమాల్లో దిగి ఆయన జైలుకు వెళ్లారు. నిజామాబాద్ జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయనకు తోటి ఖైదీ. తెలంగాణ తొలి నవలగా చాలామంది లెక్కించే ‘ప్రజల మనిషి’ ఆళ్వారుస్వామి రాసిందే. వంటింట్లో, హోటల్లో, పల్లె దారుల్లో విన్న మాటలు చెవిలో లేకపోతే ఆ నవలలో పల్లె అంత సహజంగా పలికేది కాదు. చదివింది జీవితంతో, జీవితం మాటతో అలా ముడిపడ్డాయి. వీటిని మూడు వేర్వేరు ‘స్కిల్స్’గా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో ఫీజు కట్టించుకోవడం ఈ కాలపు తెలివి.

ఆయన ఒక్కరి పట్టుదలే ఇదంతా చేసిందనుకుంటే పొరపాటు. నిజాం పాలనలోని ఆనాటి తెలంగాణలో తెలుగువాడు సభలో నోరు విప్పడమే పోరాటం. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోలచేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం మింగుడుపడని కొద్దిమంది ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జన సంఘానికి అంకురార్పణ చేశారు. ఆ సంఘం ఎత్తుకున్న ముఖ్యమైన పనుల్లో గ్రంథాలయాలూ పఠన మందిరాలూ ఉన్నాయి. వేదిక మీద నోరు నొక్కితే వాళ్లు వెతుక్కున్న మందు పుస్తకం! ఇది గమనించాల్సిన సంగతి.

సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిజాం సర్కారు ఉత్తర్వు ‘గస్తీ నిషాన్ 53’ రోజుల్లో గ్రంథాలయ వార్షికోత్సవాలే చాలామందికి ఉపన్యాస వేదికలయ్యాయి. చదువొచ్చిన ఒకరు పత్రిక పైకి చదివితే, రానివాళ్లు చుట్టూ చేరి వినేవారు. విన్నవాళ్లు ఊరుకోరు కదా, అడ్డుప్రశ్నలు వేస్తారు. జవాబు చెప్పాలంటే చదివేవాడికి విషయం బోధపడి ఉండాలి. అర్థం కాకుండా అప్పజెప్పడం అక్కడ కుదరదు.

ఇప్పటి గ్రంథాలయాలకు జనం కరువు లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర పొద్దున్నే బ్యాగులు తగిలించుకున్న యువత కనిపిస్తుంది. జిల్లా కేంద్రాల్లోనూ అంతే. వాళ్ల ముందున్నవి పోటీ పరీక్షల పుస్తకాలు, సొంత నోట్సు. చుట్టూ నిశ్శబ్దం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను జనం కడుతున్నారు. దానితో నడవాల్సిన సంస్థ కుర్చీలు, ఫ్యాన్లు, తాగునీటితో సరిపెట్టుకుంటే అది స్టడీ హాలు అవుతుంది. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో వక్తృత్వ పోటీలు పెడతారు, నిజమే. వాటిలో బడిపిల్లలు అయ్యవారు రాసిచ్చింది బట్టీపట్టి వచ్చి అప్పజెప్పడమే ఎక్కువ. తర్వాత వచ్చే నవంబరు దాకా మైకు బీరువాలోకి వెళ్లిపోతుంది.

వారానికి ఒక సాయంత్రం గంటసేపు ఆ మైకును బయటికి తీయడానికి బడ్జెట్ అక్కర్లేదు. పద్ధతి కూడా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో వక్తకు అయిదు నుంచి ఏడు నిమిషాలిస్తారు. ఒకరు టైం చూస్తారు, ఒకరు ‘ఆఁ, ఊఁ’లు లెక్కపెడతారు, మరొకరు లోపాలు మర్యాదగా చెప్తారు. ఐటీ కంపెనీల ఉద్యోగులకు ఇది తెలిసిన వ్యవహారమే. గ్రంథాలయంలో ఒక్క షరతు చేర్చుకుంటే చాలు: వక్త తాను చదివిన పుస్తకాన్ని తాను చూసిన జీవితంతో కలిపి చెప్పాలి. రైతుబజారులో కూరగాయలు అమ్మే మనిషికీ, రిటైరైన కండక్టరుకూ అక్కడ కుర్చీ ఉండాలి. వాళ్లు వేసే ప్రశ్నలు గైడు పుస్తకాల్లో ఉండవు.

అభ్యర్థుల చదువు పాడవుతుందన్న అభ్యంతరం వస్తుంది. అది అబద్ధం కాదు. వాళ్లలో చాలామందిది అప్పుచేసి హాస్టల్లో ఉంటూ చదివే చదువు, గంట పోయినా నష్టమే. అందుకే సభను పఠన మందిరంలో కాకుండా ఆవరణలో పెట్టుకోవాలి, రావడం ఎవరి ఇష్టం వాళ్లది కావాలి. తెలంగాణలో 2022లో గ్రూప్-1 ఇంటర్వ్యూలు కూడా ఎత్తేశారు కాబట్టి మాట్లాడటం ఇక మార్కులు తెచ్చే పని కాదనేవారూ ఉంటారు. మార్కుల వరకు అది నిజమే. కానీ ఉద్యోగం వచ్చాక అదే అభ్యర్థి గ్రామసభలో, పథకాల జాబితాలో పేరు లేదని నిలదీసే జనం ముందు మైకు పట్టుకోవాల్సి ఉంటుంది. అక్కడ నాలుగు ఆప్షన్లు ఎవరూ ఇవ్వరు.