వెంచర్‌లో వాటా ఎవరిది?

కర్నూలు–నంద్యాల రహదారి వెంట, కడప శివార్లలో మెట్టచేలు ప్లాట్లవుతున్నాయి. ఈ వెంచర్లలో చాలా వాటిని నడిపేది కుటుంబాలే. అన్న పెట్టుబడి తెస్తాడు. తమ్ముడు బేరం కుదురుస్తాడు. బావమరిది రిజిస్ట్రేషన్లు చూస్తాడు. దీన్ని వారు నమ్మకం అంటారు. ఆ నమ్మకం కులం గడప దాటదు. (ఉమ్మడి ఆస్తిలో 1985లోనే సమాన హక్కు పొందిన ఆడపడుచుకు సైతం అందులో దక్కేది తరచూ సంతకమే.) దళితుడు పొలం చూపించే మధ్యవర్తిగానో, అమ్ముకునేవాడిగానో కనిపిస్తాడు; భాగస్వామిగా అరుదు.

అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం డీకేటీ పట్టాదారుకు, కనీసం కాగితం మీద, ఒక కంచె. 2023 సవరణ 20 ఏళ్లు నిండిన సాగుభూములకు దాన్ని తొలగించింది. 2024లో ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లను నిలిపివేసింది. అమ్ముకునే హక్కు పేదకు మాత్రమే ఎందుకుండరాదన్న వాదన సబబే. అయితే కొనేది బలగమున్న కుటుంబం, అమ్మేది అప్పులో మునిగిన ఒంటరి రైతు. ఆ బేరాన్ని స్వేచ్ఛ అనలేం.

అమరావతి భూసమీకరణలో రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. అక్కడా తొలుత అసైన్డ్ రైతుకు పట్టా రైతు కంటే తక్కువే నిర్ణయించారు. ఆ వివక్ష లేకుండా, డీకేటీ భూమి లేఅవుట్‌గా మారే ప్రతిచోటా అసలు పట్టాదారుకు ప్లాట్లలో వాటాను చట్టమే ఖాయం చేయాలి. రిజిస్ట్రేషన్లు తెరవడం ఆ తరువాతే.