యంత్రానికి కాళ్ళు కనిపిస్తాయా?

ఈమధ్య అరకు వెళ్ళాను. పని మీద కాదు లెండి, కొండగాలి కోసం. సాయంత్రం ధింసా చూశాను. ఆడవాళ్ళు నడుం వెనగ్గా చేతులు పెనవేసుకుని అడుగులేస్తున్నారు. పక్కన డప్పు, కిరిడి, మోరి, తుడుము. తుడుము కొట్టే కుర్రాడి చూపు కర్రల మీద లేదు, వాళ్ళ కాళ్ళ మీద ఉంది. అడుగు బరువెక్కితే దెబ్బా బరువెక్కేది.

ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర నా చేతిలో పత్రిక చూసి పలకరించాడు.

"సార్, ఇప్పుడు పెళ్ళిళ్ళకి కీబోర్డాయన ఒక్కడే వస్తున్నాడండి. బటన్ నొక్కితే డోలు, డప్పు అన్నీ అందులోనే! పట్నం పోయి డ్రమ్స్ నేర్చుకుందామనుంది. లాభముంటాదా?"

చప్పున జవాబు తోచలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

తమ్ముడూ, ఈ దిగులు నీ ఒక్కడిదే కాదు. 1981లో ఇంగ్లండులో హ్యూమన్ లీగ్ అనే బృందం 'డేర్' అనే ఆల్బం తెచ్చింది. అందులో డ్రమ్మరే లేడు! లిన్ ఎల్.ఎం-1 అనే యంత్రమే తాళం వేసింది. పాటలు మారుమోగిపోయాయి. సింథసైజర్ల రాజ్యం మరి!

ఆ రాజ్యంలోనే టియర్స్ ఫర్ ఫియర్స్ అనే మరో బృందం. అందులో డ్రమ్మరున్నాడు. పేరు మానీ ఎలియాస్. 1953లో ఎక్కడ పుట్టాడనుకున్నావు? మన కలకత్తాలో! 1983లో 'ది హర్టింగ్', 1985లో 'సాంగ్స్ ఫ్రమ్ ది బిగ్ చైర్' ఆల్బాలకి వాయించాడు. రెండోది అమెరికాలో నంబర్ వన్. 'ది వర్కింగ్ అవర్' పాట కట్టిన ముగ్గురిలో ఆయనొకడు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ముందు నిలబడ్డ ఇద్దరు గాయకుల్నే. 1986లో ఆయన బయటికొచ్చేశాడు. డ్రమ్మరు చోటు వెనకే, ముందే తెలుసుకో.

ఇక మన దగ్గరికొద్దాం. 1959లో మద్రాసులో పుట్టిన శివమణి. తండ్రి ఆనందన్‌దీ తాళవాద్యాలే. కుర్రతనంలోనే మన బాలుగారి కచేరీల్లో వాయించాడు. రెహమాన్‌తో స్నేహం 'రూట్స్' బృందం నాటిది. 1992లో 'రోజా' వచ్చాక రెహమాన్ కంప్యూటర్ తాళాలు ఊరూరా మోగాయి. మరి అంత యంత్రాలెరిగిన మనిషి, వేదికెక్కినప్పుడు శివమణిని పక్కన పెట్టుకున్నాడేం? ఆలోచించు! శివమణి డ్రమ్స్‌తో ఆగడు. సూట్‌కేసు, నీళ్ళడబ్బా, ఏది దొరికితే అది మోగిస్తాడు. జనం ఈలేస్తే అందుకుంటాడు. 2019లో పద్మశ్రీ వచ్చింది.

పెళ్ళివారికి యంత్రం చవక. ఆ మాట దాచను. దానికి లెక్క తప్పదు, అలుపూ రాదు. కాని ఎదటివాళ్ళ అడుగు బరువెక్కిందని దానికి తెలియదు. నీకు తెలుసు. వెళ్ళు, డ్రమ్స్ నేర్చుకో. ఆ కీబోర్డూ నేర్చుకో, తప్పేం లేదు.

చైత్రానికి మళ్ళీ అరకు వస్తాను. తుడుము అటకెక్కించానని మాత్రం చెప్పకు సుమా!